కుజగ్రహపు కాలువలు – పెర్సివల్ లోవెల్

నదీగర్భంలో దొరికిన నునుపైన రాతిని చూసి అది ప్రవాహపు ఒరపిడికి అరిగిందని చెప్పగలం. అదే రాతిమీద ఉలిదెబ్బలు కనిపిస్తే అది ఎవరో శిల్పి చేతిలో పడిందని నిశ్చయిస్తాం. ప్రకృతి చేసినదేదో, బుద్ధిజీవి చేసినదేదో వేరుపరచడం చేతికందే వస్తువుల విషయంలో తేలిక. కోట్ల కిలోమీటర్ల దూరంలో, దూరదర్శినిలో సైతం లిప్తపాటు కనిపించి మాయమయ్యే ఆకృతి విషయంలో అది ఎంత కష్టమో, అక్కడ మనిషి మనసు ఎంతగా మోసపోగలదో తెలిపే జీవితం ఒకటి ఉంది. అది అమెరికా ఖగోళ పరిశోధకుడు పెర్సివల్ లోవెల్ జీవితం. కుజగ్రహం మీద కనిపించిన గీతలు సహజమైనవా, కృత్రిమమైనవా అన్న వాదం ఆయన పేరుతో ముడిపడి, ఒక తరం పాటు విద్యావంతుల లోకాన్ని కలవరపరచింది.

లోవెల్ 1855 మార్చి 13న అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని బోస్టన్ నగరంలో జన్మించాడు. బట్టల మిల్లులతో ఐశ్వర్యం గడించిన కుటుంబం వారిది. సంపదతోపాటు సరస్వతీ కటాక్షం కూడా ఆ ఇంటికి కొదువ కాలేదు. తమ్ముడు అబట్ లారెన్స్ లోవెల్ 1909లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడయ్యాడు. చెల్లెలు ఏమీ లోవెల్ కవయిత్రిగా కీర్తి గడించింది. పెర్సివల్ 1876లో హార్వర్డ్‌లో పట్టభద్రుడైనాడు. గణితంలో ఆయనది అసాధారణ ప్రజ్ఞ. పట్టప్రదానోత్సవంలో ఆయన ప్రసంగానికి ఎన్నుకున్న విషయం, సౌరకుటుంబం వాయుమేఘం నుండి ఏర్పడిందన్న సిద్ధాంతం. ఆకాశం మీది ఆసక్తి ఆయనకు నడివయసులో కలిగిన వ్యామోహం కాదని దీనివల్ల తెలుస్తుంది.

చదువు ముగిశాక కొన్నేళ్లు కుటుంబ వ్యాపారం చూశాడు. అది ఆయన మనసుకు పట్టలేదు. 1883లో జపాన్ వెళ్లాడు. అదే ఏడాది కొరియా రాజ్యం అమెరికాకు పంపిన దౌత్యబృందానికి కార్యదర్శిగా, సలహాదారుగా వ్యవహరించాడు. తరువాతి పదేళ్లలో ఎక్కువ కాలం తూర్పు దేశాలలో గడిపి, అక్కడి జనజీవనం, మతాచారాల గురించి గ్రంథాలు రచించాడు. చక్కని వచనశైలి, ఊహాశక్తి, తన అభిప్రాయం మీద అచంచల విశ్వాసం ఆ గ్రంథాలలో కనిపిస్తాయి. ఈ మూడు గుణాలే తరువాతి కాలంలో ఆయన కీర్తికీ, అపకీర్తికీ కారణమైనాయి.

లోవెల్ దృష్టిని కుజుని వైపు మళ్లించిన సంఘటనలు ఐరోపాలో జరిగాయి. 1877లో కుజగ్రహం భూమికి మిక్కిలి దగ్గరగా వచ్చింది. ఇటలీలోని మిలాన్ నగరంలో జొవానీ స్కియాపరెల్లి అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆ గ్రహపు పటాన్ని శ్రద్ధగా గీస్తూ, ఎర్రని నేలల మీద సన్నని గీతలు సాగినట్లు గమనించాడు. వాటికి తన భాషలో కనాలీ అని పేరు పెట్టాడు. ఆ మాట సహజమైన నీటిపాయకూ చెల్లుతుంది, తవ్విన కాలువకూ చెల్లుతుంది. మన భాషలో కాలువ అన్న మాట వాననీటి పిల్లకాలువకూ, మనుషులు తవ్విన పంటకాలువకూ సమానంగా వర్తించినట్లే అది కూడా. కాని ఇంగ్లీషులోకి వచ్చేసరికి తవ్విన కాలువ అనే అర్థం ఒక్కటే నిలిచింది. సూయజ్ కాలువలో ఓడలు నడవడం మొదలై అప్పటికి ఎనిమిదేళ్లయింది. ఎడారిని చీల్చుకుపోయే కాలువ మానవ ప్రజ్ఞకు పరమావధిగా కనిపిస్తున్న రోజులవి. ఒక్క మాట అర్థం ఇలా ఒరిగిపోవడంతో కుజుని మీద కాలువలు తవ్వినవారెవరన్న ప్రశ్న తానుగా పుట్టుకొచ్చింది. స్కియాపరెల్లి మాత్రం తుదినిర్ణయం చేయకుండా సంయమనం పాటించాడు.

1892లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కమీల్ ఫ్లమారియాన్ కుజుని గురించి వెలువరించిన బృహద్గ్రంథం లోవెల్‌ను కదిలించింది. 1894లో కుజుడు మళ్లీ దగ్గరకు రానున్నాడు. అప్పటికి లోవెల్ వయసు 39 ఏళ్లు. ఆస్తిని, ఆయుష్షును ఈ ఒక్క ప్రశ్నకే ధారపోయాలని ఆయన సంకల్పించాడు. ఆండ్రూ డగ్లస్ అనే యువ పరిశోధకుణ్ణి పంపి అరిజోనా ప్రాంతంలో గాలి నిలకడను పరీక్షింపజేశాడు. చివరకు ఫ్లాగ్‌స్టాఫ్ అనే చిన్న పట్టణం పక్కన, సముద్రమట్టానికి సుమారు 2,200 మీటర్ల ఎత్తున ఉన్న కొండమీద వేధశాల నిర్మించాడు. మొదట అరువు తెచ్చిన దూరదర్శినులతో పని సాగింది. 1896లో 24 అంగుళాల కటకం గల సొంత దూరదర్శిని అమరింది. నగరాల పొగకూ, వెలుగుకూ దూరంగా, ఆకాశపు నిలకడను ముందుగా పరీక్షించి వేధశాలను కట్టాలన్న ఆలోచనను ఆచరణలో చూపిన తొలివారిలో లోవెల్ ఒకడు. నేటి మహావేధశాలలన్నీ ఈ సూత్రాన్నే పాటిస్తున్నాయి.

దూరదర్శినిలో కుజుణ్ణి చూడడమంటే ఏమిటో ఇక్కడ తెలుసుకోవాలి. భూమికి అతి సమీపంగా వచ్చినప్పుడు కూడా ఆ గ్రహం 5.5 కోట్ల కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉంటుంది. అప్పుడు సైతం దాని బింబం చంద్రబింబపు వ్యాసంలో సుమారు 70వ వంతు మాత్రమే. దూరదర్శిని దానిని పెద్దది చేస్తుంది. కాని మధ్యనున్న గాలి అలల కదలికను కూడా దానితోపాటే పెద్దది చేస్తుంది. పారే నీటి అడుగున పడిన నాణెంలా బింబం వణుకుతుంది. ఎప్పుడో ఒక క్షణం గాలి స్తంభించి, వివరాలు స్పష్టమై, మరుక్షణమే చెదిరిపోతాయి. ఆ క్షణంలో చూసినదానిని గుర్తుంచుకొని కాగితం మీద గీయాలి. కన్ను చూసేది ఒక్క క్షణం. చేయి గీసేది జ్ఞాపకాన్ని.

ఇలాంటి వందలాది రాత్రుల తపస్సు తరువాత లోవెల్ కుజుని మీద వందల సంఖ్యలో కాలువలను గుర్తించాడు. కొన్ని వేల కిలోమీటర్ల పొడవున అవి తిన్నగా సాగుతున్నట్లూ, అనేకం ఒకేచోట కలుసుకుంటున్నట్లూ, ఆ కూడళ్లలో గుండ్రని మచ్చలున్నట్లూ పటాలు గీశాడు. ఆ మచ్చలకు ఒయాసిస్సులని పేరు పెట్టాడు. 1895లో వెలువడిన కుజుడు అనే గ్రంథం మొదలు, 1906, 1908 సంవత్సరాల గ్రంథాల వరకు ఆయన తన సిద్ధాంతాన్ని క్రమంగా నిర్మించాడు. కుజుడు భూమికన్నా చిన్నవాడు కనుక త్వరగా చల్లబడి ముసలివాడైనాడు. అక్కడి సముద్రాలు ఇంకిపోయాయి. మిగిలిన నీరు ధ్రువాల వద్ద మంచుగా ఉంది. వసంతంలో ఆ మంచు కరగగా వచ్చిన నీటిని బుద్ధిమంతులైన అక్కడి ప్రాణులు గ్రహమంతటికీ కాలువలతో మళ్లించుకుంటున్నారు. మనకు కనిపించేది నీరు కాదు, కాలువగట్ల వెంట పెరిగే పచ్చదనపు పట్టీ. ఎండుతున్న లోకంలో ప్రాణాలు నిలుపుకోవడానికి ఒక జాతి అంతా ఏకమై సాగిస్తున్న మహాప్రయత్నమిది. ఇదీ లోవెల్ ఊహాసౌధం.

ఈ సిద్ధాంతంలో ఆకర్షణ ఉంది, కరుణ ఉంది, పైకి చూడడానికి తర్కమూ ఉంది. ప్రకృతి గీసే గీత వంకరగా ఉంటుంది, ఈ గీతలు తిన్నగా ఉన్నాయి, కనుక ఇవి కృత్రిమాలని ఆయన అనుమాన ప్రమాణాన్ని ప్రయోగించాడు. ఆయన ఉపన్యాసాలకు జనం తండోపతండాలుగా వచ్చారు. పత్రికలు ఆ వార్తలతో నిండిపోయాయి. కుజవాసులు భూమి మీదికి దండెత్తి వచ్చినట్లు హెచ్. జి. వెల్స్ 1898లో ప్రచురించిన నవల కూడా ఈ వాతావరణంలో పుట్టినదే. లోవెల్ తర్కానికి ఉన్న బలహీనత ఒక్కటే. గీతలు తిన్నగా ఉన్నాయి కనుక అన్నాడు. అసలు గీతలు ఉన్నాయా అన్న ప్రశ్న ఆయన మనసులో ముగిసిపోయింది.

ఆ ప్రశ్న మొదట ఆయన ఇంటిలోనే తలెత్తింది. వేధశాలకు స్థలాన్వేషణ చేసిన డగ్లస్ స్వయంగా కాలువలను చూసి పటాలు గీసినవాడే. అయినా సందేహం ఆయనను విడువలేదు. కృత్రిమంగా తయారుచేసిన గోళాలను దూరాన నిలిపి, దూరదర్శినిలో చూసి, లేని గీతలు కూడా కంటికి తోస్తున్నాయని తెలుసుకున్నాడు. 1896లో లోవెల్ శుక్రగ్రహం మీద చక్రపు ఆకుల వంటి గీతలను చూసినట్లు ప్రకటించడం ఆ సందేహాన్ని పెంచింది. శుక్రుడు దట్టమైన మేఘాలతో కప్పబడి ఉంటాడు కనుక అక్కడ అటువంటి గీతలు కనిపించే వీలు లేదు. దూరదర్శిని ద్వారాన్ని బాగా కుదించి చూడడంవల్ల లోవెల్ తన కంటిలోని రక్తనాళాల నీడలనే చూసి ఉంటాడని ఇటీవలి కాలపు పరిశోధకులు కొందరు ఊహిస్తున్నారు. 1897లో తీవ్రమైన నరాల బలహీనతకు లోనై లోవెల్ సుమారు నాలుగేళ్లు పనికి దూరమైనాడు. ఈలోగా డగ్లస్ తన సందేహాలను లోవెల్ బంధువు ఒకరికి లేఖలో తెలిపాడు. విషయం లోవెల్ చెవిన పడింది. 1901లో డగ్లస్ ఉద్యోగం పోయింది. ఆయన తరువాత చెట్ల కాండాలలోని వలయాలను బట్టి కాలనిర్ణయం చేసే శాస్త్రానికి ఆద్యుడై చిరకీర్తి పొందాడు. లోవెల్ మాత్రం తన పక్కనే ఉన్న ఒక నిష్పాక్షిక సాక్షిని పోగొట్టుకున్నాడు.

బయటినుండి కూడా పరీక్షలు వచ్చాయి. ఇంగ్లండులోని గ్రీనిచ్ వేధశాలకు చెందిన వాల్టర్ మాండర్ 1903లో తన సహచరుడితో కలిసి ఒక బడి పిల్లలతో ప్రయోగం చేశాడు. కుజగ్రహ బింబం వంటి బొమ్మను గోడకు తగిలించి, చూసినదానిని చూసినట్లు గీయమన్నారు. బొమ్మలో అక్రమంగా చల్లిన చుక్కలు, మచ్చలు, నీడలే తప్ప కాలువలు లేవు. అయినా కొంత దూరాన కూర్చున్న బాలురు తిన్నని గీతలు గీశారు. కాలువల వాదం గురించి వారికి ఏ అభినివేశమూ లేదు. విడివిడిగా పోల్చుకోలేని చిన్న చిన్న చుక్కలను కలిపి గీతగా గ్రహించడం మానవ నేత్రానికి స్వభావమని తేలింది. లోవెల్ ఈ ప్రయోగాన్ని తేలికగా తోసిపుచ్చాడు.

జీవపరిణామ సిద్ధాంతాన్ని డార్విన్‌తోపాటు స్వతంత్రంగా కనుగొన్న ఆల్ఫ్రెడ్ రసెల్ వాలస్ 84 ఏళ్ల వయసులో, 1907లో, ఈ వాదంలోకి దిగి ఒక గ్రంథమే రాశాడు. సూర్యునికి అంత దూరాన, అంత పలుచని గాలిలో నీరు గడ్డకట్టి ఉండవలసిందే గాని ప్రవహించజాలదని ఆయన లెక్కించాడు. ఒకవేళ ప్రవహించినా వేల మైళ్ల ఎడారిలో గమ్యం చేరకముందే ఆవిరైపోతుందన్నాడు. అంత తెలివైన జాతి అంత తెలివితక్కువ కాలువలు తవ్వుతుందా అన్నది ఆయన వాదసారం. అటు కాలిఫోర్నియాలోని లిక్ వేధశాలలో విలియం కాంప్‌బెల్ 1894లోనే వర్ణపటదర్శినితో పరిశీలించి, కుజుని గాలిలో నీటి ఆవిరి జాడ కనిపించలేదని తెలిపాడు.

లోవెల్ నిరుత్తరుడు కాలేదు. పెద్ద దూరదర్శినులలో తన కాలువలు కనిపించడంలేదన్న వారికి, కటకం పెద్దదైనకొద్దీ గాలి వణుకు కూడా పెరుగుతుందనీ, స్థలం మంచిదైతే చిన్న కటకమే మేలనీ బదులిచ్చాడు. ఆ సమాధానంలో కొంత నిజం లేకపోలేదు. 1905లో ఆయన వేధశాలలో కుజుని ఛాయాచిత్రాలు తీశారు. చిటికెనవేలి గోరంత బింబాలవి. నమ్మినవారికి వాటిలో కాలువలు కనిపించాయి, నమ్మనివారికి కనిపించలేదు. చివరకు 1909 సెప్టెంబర్‌లో పారిస్ సమీపాన మ్యుదాన్ వేధశాలలో, 33 అంగుళాల దూరదర్శినితో యూజీన్ ఆంటొనియాడి కుజుణ్ణి చూశాడు. ఒకనాడు తానూ కాలువలు గీసినవాడే ఆయన. ఆ రాత్రి గాలి అద్భుతమైన నిలకడతో ఉంది. తిన్నని గీతలు ఉండవలసిన చోట ఆయనకు చెదురుమదురు మచ్చలు, చారలు, సహజమైన నేలల వైవిధ్యం కనిపించాయి. తాను మునుపు గీసినదానిని సరిదిద్దుకోవడానికి ఆంటొనియాడి వెనుదీయలేదు. ఆ తరువాత ఖగోళ శాస్త్రజ్ఞులలో అధికులు కాలువలను విశ్వసించలేదు. లోవెల్ చివరిదాకా విశ్వసించాడు.

1908లో ఆయన కాన్‌స్టన్స్ కీత్‌ను వివాహమాడాడు. అప్పటికే మరొక అన్వేషణ ఆయనను ఆవహించింది. యురేనస్ గమనంలోని స్వల్ప భేదాలను బట్టి నెప్ట్యూన్‌కు ఆవల ఒక గ్రహం ఉండాలని భావించి, దాని స్థానాన్ని గణితంతో నిర్ణయించే ప్రయత్నంలో మునిగాడు. 1915లో ఆ లెక్కలను ప్రచురించాడు. గ్రహం దొరకలేదు. 1916 నవంబర్ 12న, 61 ఏళ్ల వయసులో, మెదడులో రక్తస్రావంతో ఫ్లాగ్‌స్టాఫ్‌లో కన్నుమూశాడు. తాను ప్రేమించిన కొండమీదనే, దూరదర్శినికి పక్కనే ఆయన సమాధి ఉంది.

లోవెల్ వాదం ఓడింది గాని ఆయన కట్టిన వేధశాల ఓడిపోలేదు. ఆయన నియమించిన వెస్టో స్లైఫర్ 1912లో ఆండ్రొమెడా సర్పిల నీహారిక వేగాన్ని తొలిసారి కొలిచాడు. తరువాత అటువంటి నీహారికలలో ఎక్కువ భాగం మననుండి దూరంగా పరుగెత్తుతున్నాయని కనుగొన్నాడు. విశ్వం వ్యాకోచిస్తోందన్న గ్రహింపుకు ఆ కొలతలు పునాదులలో ఒకటైనాయి. 1930 ఫిబ్రవరి 18న అదే వేధశాలలో క్లైడ్ టాంబా అనే యువకుడు ప్లూటోను కనుగొన్నాడు. ఆ వార్తను లోవెల్ జన్మదినమైన మార్చి 13న ప్రకటించారు. అయితే ప్లూటో ద్రవ్యరాశి అత్యల్పమనీ, లోవెల్ లెక్కలకు అది కారణం కాజాలదనీ తరువాత తేలింది. 2006లో దానిని మరుగుజ్జు గ్రహంగా వర్గీకరించారు.

కుజుని విషయంలో తుదితీర్పు 1965 జూలైలో వచ్చింది. మారినర్ 4 అంతరిక్షనౌక ఆ గ్రహం పక్కనుండి సాగుతూ తీసిన 22 చిత్రాలలో ఉల్కాపాతాల గుంటలున్నాయి గాని కాలువలు లేవు. గాలి ఒత్తిడి భూమి మీది ఒత్తిడిలో నూటికి ఒక వంతు కూడా లేదని తెలిసింది. రుతువులతో మారే నల్లదనానికి కారణం పైరుపచ్చ కాదు, గాలికి లేచి పడే ధూళి. 1971లో కుజకక్ష్యలో చేరిన మారినర్ 9 మాత్రం ఒక వింతను చూపింది. ఎప్పుడో నీరు పారి ఎండిపోయిన సహజమైన పాయలు కుజుని మీద నిజంగానే ఉన్నాయి. అవి భూమినుండి దూరదర్శినికి కనిపించేటంత పెద్దవి కావు. లోవెల్ పటాలలోని కాలువలకూ వాటికీ సంబంధం లేదు. ఆంధ్రప్రదేశ్ తీరంలోని శ్రీహరికోట నుండి 2013 నవంబర్ 5న బయలుదేరి, 2014 సెప్టెంబర్ 24న కుజకక్ష్యలో ప్రవేశించిన మన మంగళయాన్ కూడా ఆ గ్రహపు నిండు బింబాన్ని చిత్రించి పంపింది.

మన తార్కికులు భ్రాంతికి ఉదాహరణగా తాటిని చూసి పామనుకోవడాన్ని చెబుతారు. ఆ భ్రాంతికి రెండు కారణాలు కావాలి. ఒకటి మసక వెలుతురు, రెండవది పామును గురించిన పూర్వస్మృతి. లోవెల్ విషయంలో కోట్ల కిలోమీటర్ల దూరం, గాలి వణుకు మసక వెలుతురైనాయి. కాలువల యుగపు కలలు పూర్వస్మృతి అయినాయి. ఇందులో ఆయన దోషం లేదు. తాటిని పామనుకోవడం ఎవరికైనా సంభవమే. దీపం తెచ్చిన వానిని వాకిట్లోనుండే పంపివేయడం మాత్రం దోషమే. డగ్లస్ తెచ్చినది ఒక దీపం, మాండర్ తెచ్చినది మరొక దీపం.

ఈ కథ గతించిన కథ కాదు. 2017 అక్టోబర్ 19న హవాయి దీవులలోని దూరదర్శిని, మరొక నక్షత్రలోకం నుండి మన సౌరకుటుంబంలోకి వచ్చిన తొలి ఆగంతుకాన్ని గుర్తించింది. దానికి హవాయి భాషలో దూరాన్నుండి వచ్చిన తొలి దూత అనే అర్థంలో ఓమువామువా అని పేరు పెట్టారు. అది దొర్లుతూ పోతుంటే దాని వెలుగు దాదాపు పదిరెట్లు హెచ్చుతగ్గులకు లోనైంది. తోకచుక్కకు ఉండే ధూళి, తోక కనిపించలేదు. అయినా సూర్యాకర్షణ ఒక్కటే ఉంటే ఉండవలసిన దారినుండి కొద్దిగా పక్కకు నెట్టబడింది. ఇది ఏదో నాగరికత విడిచిన కాంతితెరచాప కావచ్చునని హార్వర్డ్ ఆచార్యుడు ఏవీ లోబ్ 2018లో సహచరునితో కలిసి సూచించాడు. లోవెల్ చదివిన విశ్వవిద్యాలయం నుండే ఈ ప్రశ్న మళ్లీ రావడం యాదృచ్ఛికమైనా ఆలోచింపజేస్తుంది. శాస్త్రజ్ఞులు ఆ ప్రశ్నను తోసిపుచ్చలేదు, పరీక్షించారు. దానివైపు రేడియో దూరదర్శినిని తిప్పి ఆలకించారు, కృత్రిమమైన సంకేతమేదీ వినిపించలేదు. మంచులో చిక్కుకున్న హైడ్రోజన్ వాయువు వెలువడడంవల్ల ఆ నెట్టుడు కలిగి ఉండవచ్చునని 2023లో ఒక వివరణ వచ్చింది. అన్ని వివరణలూ అందరినీ తృప్తిపరచకపోయినా, అది సహజమైన వస్తువేనని అధికుల అభిప్రాయం. 2019లో వచ్చిన రెండవ ఆగంతుకం, 2025 జూలై 1న కనుగొన్న మూడవది తోకచుక్కలుగా నిర్ధారణ అయినాయి. మూడవదాని విషయంలోనూ కృత్రిమమేమోనన్న ప్రశ్న లేచింది, పరిశీలనలు దానికి సమాధానం చెప్పాయి.

విశ్వంలో మనం ఒంటరివారమా అన్న జిజ్ఞాస ఉత్తమమైనది. ఆ జిజ్ఞాసకు లోవెల్ తన ధనాన్ని, ఆరోగ్యాన్ని, ఇరవై ఏళ్లకు పైబడిన జీవితకాలాన్ని అర్పించాడు. ఆ త్యాగం గౌరవించదగినది. కాని ప్రశ్నను ప్రేమించేవానికీ, తన సమాధానాన్ని ప్రేమించేవానికీ ఎంతో అంతరం ఉంది. మొదటివాడు ఓడినా శాస్త్రం గెలుస్తుంది. రెండవవాడు ఎంత ప్రతిభావంతుడైనా తన కంటిలోని నీడనే లోకంగా చూడవలసి వస్తుంది. ఏ విషయంలోనైనా ఒక నిశ్చయానికి వచ్చేముందు, ఈ నమ్మకం తప్పయితే అది నాకు ఎలా తెలుస్తుందని తనను తాను ప్రశ్నించుకోవడం విద్యార్థికి పరమావశ్యకం. ఫ్లాగ్‌స్టాఫ్ కొండమీది సమాధి మనకు బోధించే పాఠమిదే.